ఉన్నది ఉన్నట్టు రాసివ్వండి: శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్ గార్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, తహసీల్దార్లకు, ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ బాధ్యులకు,

నమస్కారం.

అమెరికా వీసా గొడవలో మేం చేసేదేముంటుందని ఈ లేఖను పక్కన పెట్టవద్దని ముందుగా మనవి. వీసా ఇప్పించమని అడగడం లేదు. సిఫార్సు కూడా అక్కర్లేదు. మన రెండు జిల్లాల ఆఫీసులూ ఆస్పత్రులూ ఇచ్చే కాగితాల్లో ఉన్న విషయాన్ని ఉన్నట్టుగా, పూర్తిగా, మన ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ళు చదివినా అర్థమయ్యేలా రాసివ్వమని అడుగుతున్నాను. ఆ కాగితాలు సరిగా లేక ఇక్కడ భార్య, అక్కడ భర్త ఏళ్ళ తరబడి విడిగా బతుకుతున్నారు. ఆ బాధ పడుతున్న ఇళ్ళలో మాదీ ఒకటి.

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి పైచదువుకు అమెరికా వెళ్ళింది. ఉద్యోగం వచ్చాక హెచ్-1బి వీసా మీద పనిచేసింది. కవిటి మండలం అబ్బాయితో పెళ్ళి చేశాం. అప్పటికి మా అల్లుడికి గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. మనవడు అక్కడే పుట్టాడు. ఆ తర్వాత అమ్మాయి వీసా పొడిగింపు తిరస్కరణకు గురైంది. పనిచేస్తున్న కంపెనీ వాళ్ళు ‘మళ్ళీ పరిశీలించమని అర్జీ పెట్టాం, కేసు నడుస్తోంది, ఏం కాదు’ అన్నారు. అర్జీ నడుస్తున్నంత మాత్రాన అనుమతి లేకుండా ఉన్న రోజుల లెక్క ఆగదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఏడాది దాటిపోయింది. ఇంతలో మా ఆవిడ విశాఖపట్నంలో ఐసీయూలో చేరింది. అమ్మాయి బిడ్డను భర్త దగ్గర వదిలి, దొరికిన విమానం పట్టుకుని వచ్చేసింది. తల్లిని చివరిదాకా చూసుకుంది. జరగాల్సిన కార్యక్రమాలన్నీ జరిగాయి. తిరిగి వెళ్ళే దారి మాత్రం మూసుకుపోయింది.

1996లో అమెరికా చేసిన ఒక చట్టం దీనికి కారణం. 1997 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అనుమతి లేకుండా 180 రోజులకు మించి, ఏడాదికి లోపు ఉండి దేశం దాటితే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకు మించి ఉండి దాటితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. అక్కడ ఉన్నంతసేపూ ఈ నిషేధం పడదు, బయట అడుగు పెట్టగానే పడుతుంది. చావు బతుకుల్లో ఉన్న తల్లి కోసం వచ్చారా, సరదాకి వచ్చారా అన్నది ఆ లెక్కలో ఉండదు.

తర్వాత అల్లుడికి పౌరసత్వం వచ్చింది. భార్య కోసం పిటిషన్ వేశాడు, మంజూరైంది. శ్రీకాకుళం రోడ్‌లో కోణార్క్ ఎక్కి ముంబయి కాన్సులేట్‌కి ఇంటర్వ్యూకి వెళ్ళాం. పెళ్ళి విషయంలో వాళ్ళకి ఏ అనుమానమూ రాలేదు. పదేళ్ళ నిషేధం ఉంది కాబట్టి వీసా ఇవ్వలేమని, వేవర్‌కి, అంటే మినహాయింపుకి, దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పి కాగితం చేతిలో పెట్టారు. ఐ-601 ఫారం. పెట్టాం. చాలాకాలం ఎదురుచూశాక తిరస్కరించారు. ఇప్పుడు మళ్ళీ పెట్టబోతున్నాం. ఈ లేఖ అందుకే.

కష్టం రుజువైతేనే ఇచ్చే ఈ మినహాయింపులో ఎవరి కష్టం లెక్కకొస్తుందో చెబితే, కాగితం గురించి ఇంతగా ఎందుకు మొత్తుకుంటున్నానో మీకు తెలుస్తుంది. మా అమ్మాయి కష్టం లెక్కలోకి రాదు. తల్లి పోయాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన నా కష్టం అసలే రాదు. అమెరికా పౌరుడే అయినా, బడికి వెళ్ళే మా మనవడి కష్టం కూడా నేరుగా రాదు. అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన భర్త లేదా భార్య, లేదంటే దరఖాస్తుదారు తల్లిదండ్రుల కష్టం మాత్రమే చూస్తారు. మా విషయంలో అది అల్లుడొక్కడే. పిల్లవాడు రాత్రిళ్ళు ఏడుస్తున్నాడంటే, ఆ ఏడుపు వల్ల తండ్రి ఎంత నలుగుతున్నాడన్నదే చూస్తారు. అదీ మామూలు ఎడబాటు బాధ అయితే చాలదు. మొగుడూ పెళ్ళాలు విడిగా ఉంటే బెంగ ఉంటుంది, ఖర్చు పెరుగుతుంది, ఇవి అందరికీ ఉండేవే అంటారు. దానికి మించిన కష్టం ఉందని చూపించాలి. నిరూపించే బాధ్యత పూర్తిగా మనదే. అధికారి కాదంటే, ఆ విచక్షణను ప్రశ్నిస్తూ కోర్టుకు వెళ్ళే దారిని చట్టం మూసేసింది.

రెండు వైపుల నుంచి చూస్తారు. భార్య రాకుండా భర్త అక్కడే ఉండిపోతే ఏమవుతుంది? లేదా భర్తే అన్నీ వదిలి భార్య ఉన్న చోటికి, అంటే మన జిల్లాకి, వచ్చేస్తే ఏమవుతుంది? ఏదో ఒకటే జరుగుతుందని గట్టిగా చూపగలిగితే దాని కష్టం నిరూపిస్తే సరిపోతుంది. లేకపోతే రెండూ నిరూపించాలి. మొదటిదానికి సంబంధించిన కాగితాలు అల్లుడు అక్కడ తెచ్చుకుంటాడు. వాళ్ళ డాక్టర్లు పేజీలకు పేజీలు రాసిస్తారు, స్కూలు టీచరు కూడా పిల్లవాడి గురించి వివరంగా రాసిచ్చింది. రెండోది పూర్తిగా ఇక్కడి విషయం. కవిటిలో బతుకు ఎలా ఉంటుందో, సోంపేటలో ఏ వైద్యం దొరుకుతుందో అమెరికాలో కూర్చున్న అధికారికి ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి.

మా అల్లుడికి కిడ్నీ జబ్బు. ఉద్దానం వాడు కదా అంటే ఈ జిల్లాలో ఎవరికీ ఇంకేమీ వివరించక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కిడ్నీ రోగి లేని వీధి ఏదని వెతుక్కోవాలి. షుగరూ బీపీ లేనివాళ్ళకి, కొబ్బరి తోటల్లో జీడి తోటల్లో కష్టం చేసుకునే వయసులో ఉన్నవాళ్ళకి కూడా, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిపోతుంది. ఎందుకొస్తోందో ఇన్ని పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. అతని తండ్రి, మా వియ్యంకుడు, డయాలసిస్ మీద ఉండి పోయారు. అల్లుడికి ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. అక్కడ కిడ్నీ డాక్టరు క్రమం తప్పకుండా చూస్తున్నారు. మందులు, ఆహారం, పరీక్షలు పద్ధతిగా సాగుతున్నాయి కాబట్టి నెట్టుకొస్తున్నాడు. ఉద్యోగం, వంట, పిల్లవాడి బడి అన్నీ ఒక్కడే చూసుకుంటూ.

తిరస్కరణ ఉత్తరంలో ఏం రాశారో విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. దాని సారాంశం ఇది: ఇతను ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగాడు, భాష వచ్చు, తల్లి అక్కడే ఉంది, అత్తవారు అక్కడే ఉన్నారు, కాబట్టి అక్కడికి వెళ్ళి బతకడం అంత కష్టం కాదు. జబ్బు గురించి సమర్పించిన స్థానిక పత్రంలో తగిన వివరాలు లేవు. ఆ ప్రాంతంలో వైద్యం అందుబాటు గురించి ఆధారాలు ఇవ్వలేదు.

పుట్టిన ఊరే కాబట్టి అక్కడ బతకొచ్చన్నారు. ఆ ఊరి నీళ్ళో, గాలో, ఎండో, ఏదో తెలియనిదే ఇతని తండ్రిని తీసుకుపోయిందన్న సంగతి ఆ ఫైల్లో లేదు. లేనిది వాళ్ళెలా చదువుతారు?

మరి మేం పెట్టిన ఆ స్థానిక పత్రం ఏమిటి? అల్లుడు సెలవు మీద వచ్చినప్పుడు ఇక్కడ ఒక ఆస్పత్రిలో చూపించుకుంటే ఇచ్చిన మందుల చీటీ. అరచేతి వెడల్పు కాగితం. ఇంగ్లిషులో రెండు ముక్కలు: కిడ్నీ జబ్బు ఉంది, విశ్రాంతి అవసరం. కింద సంతకం, అది ఎవరిదో చదవలేం. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ముద్ర సగం కాగితం మీద, సగం బల్ల మీద పడింది. జబ్బు ఏ దశలో ఉంది, ఏ పరీక్ష ఆధారంగా చెబుతున్నారు, ఈ రోగికి ఏ వైద్యం కావాలి, అది ఈ ఆస్పత్రిలో ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, ఒక్కటీ లేదు. వివరంగా రాయమని అడిగితే ‘ఇంతకంటే రాయకూడదమ్మా, మాకు లేనిపోని తలనొప్పి’ అన్నారట మా అమ్మాయితో. వాళ్ళ పని ఒత్తిడి నాకు తెలుసు. ఓపీ బయట క్యూ ఎంత ఉంటుందో రోజూ చూస్తున్నవాణ్ణే. కానీ ఆ రెండు ముక్కల మీద ఒక కుటుంబం కలవడమో విడిపోవడమో ఆధారపడి ఉందని ఆ డాక్టరుకు ఎవరూ చెప్పలేదు. అధికారికంగా మీరు చెప్పాలి.

డాక్టర్లకీ అధికారులకీ ఒక మొహమాటం ఉందని నాకు అర్థమైంది. మన ప్రాంతంలో ఫలానా వైద్యం లేదని రాసిస్తే ప్రభుత్వాన్ని తప్పుపట్టినట్టవుతుందేమో, పైనుంచి మాట వస్తుందేమో అని. దయచేసి ఆ భయం తీసేయండి. ఉద్దానం సమస్యను దాచిపెట్టే రోజులు ఎప్పుడో పోయాయి. ప్రభుత్వమే గుర్తించి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అవి వచ్చినందుకు మాకెంత సంతోషమో మాటల్లో చెప్పలేం. ఆ ఆస్పత్రి ఉందనీ రాయండి, అక్కడ ఇవాళ ఏ నిపుణులు పనిచేస్తున్నారో, ఏ సేవలు ఉన్నాయో, ఏవి లేవో, ఏ రోగుల్ని విశాఖలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కు పంపుతున్నారో కూడా రాయండి. బాగున్నది బాగుందనే రాయండి. అమెరికా అధికారి కూడా అది ఇంటర్నెట్‌లో చూసుకోగలడు. మనం దాస్తే మన మాట నమ్మడం మానేస్తాడు. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో ఇవ్వాల్సిన సమాచారమే ఇది. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అన్నది రహస్యమేమీ కాదు. ప్రతి కుటుంబం విడివిడిగా దరఖాస్తు పెట్టే బదులు, జిల్లా వెబ్‌సైట్‌లో తేదీ వేసి, మూడు నెలలకోసారి మార్చి పెడితే అందరికీ పనికొస్తుంది. వీసాతో సంబంధం లేని రోగులకు కూడా.

ఇంకో ప్రశ్నకి కూడా జిల్లా యంత్రాంగమే సమాధానం రాసివ్వగలదు. మా అల్లుడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాక భారత పౌరసత్వం పోయింది. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు మీద వస్తాడు. ఓసీఐ వాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగం లేదు, ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. అలాంటి మనిషి కవిటిలో కాపురం పెడితే ప్రభుత్వ వైద్య పథకం కార్డు ఇస్తారా, డయాలసిస్ పింఛనుకు అర్హుడవుతాడా, అవడా? ఎవరిని అడిగినా నోటితో ఒక మాట చెబుతున్నారు, రాసివ్వమంటే లేచిపోతున్నారు. పుట్టిన ఊరికే కదా వెళ్ళేది అన్న అధికారికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు. ఆ ఊళ్ళో అతను ఇప్పుడు విదేశీయుడు. ఆ సంగతి ప్రభుత్వ లెటర్‌హెడ్ మీద ఉంటేనే వాళ్ళు పరిగణించేది.

మా వియ్యంకుడి విషయానికి వస్తాను. ఆయన కిడ్నీ జబ్బుతో పోయారని ఊరందరికీ తెలుసు. కాగితం మీద లేదు. మన మరణ ధ్రువపత్రంలో మరణ కారణం ఉండదు, అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారమే బయటికిచ్చే నకలులో కారణం చూపకూడదు. అందుకే వైద్యులిచ్చే మరణ కారణ పత్రం ముఖ్యమవుతుంది. 2023లో చట్టాన్ని సవరించి, దాని ప్రతిని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలని చేర్చారు, 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి మార్పు. ఆ తేదీకి ముందు పోయినవాళ్ళ మాటేమిటి? మా వియ్యపురాలు ఒక బిస్కెట్ డబ్బాలో భర్త కాగితాలు దాచింది. ల్యాబ్ రిపోర్టులు కొన్ని బాగానే ఉన్నాయి. మిషను నుంచి వచ్చే ఆ నున్నటి చీటీల మీద అంకెలు మాత్రం పూర్తిగా వెలిసిపోయాయి. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే తేదీ కనిపిస్తుంది, క్రియాటినిన్ ఎంతో కనిపించదు. డయాలసిస్ కేంద్రాల్లో రిజిస్టర్లు ఉంటాయి కదా. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఈ వ్యక్తికి ఇక్కడ డయాలసిస్ జరిగిందని ఆ రిజిస్టరు చూసి ఒక పేజీ రాసివ్వడానికి ఒక పద్ధతి పెట్టండి. ఉద్దానంలో ఇది మా ఒక్క ఇంటికే పనికొచ్చే సంగతి కాదని మీకు వేరే చెప్పాలా?

జిల్లాల మార్పుతో వచ్చే చిక్కు ఇంకొకటి. విజయనగరం కలెక్టర్ గారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి వేరుపడింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి అప్పటిదాకా శ్రీకాకుళంలోనివే. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ మారాయి: రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలోకి వెళ్ళాయి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. పార్వతీపురంలో 1970ల్లో పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు మారాడు. అతని స్కూలు సర్టిఫికెట్లో శ్రీకాకుళం, పెళ్ళి సర్టిఫికెట్లో విజయనగరం, కొత్త ఆధార్‌లో పార్వతీపురం మన్యం. మనకి ఇది మామూలే. ఫైలు చూసే అధికారికి మాత్రం మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్న చిరునామా. ఒకసారి తిరస్కరించిన కేసులో ఇలాంటి తేడాలు ఇంకా పట్టి పట్టి చూస్తారు. ఫలానా గ్రామం ఫలానా తేదీ వరకు ఫలానా జిల్లాలో ఉండేదని, ఊరు మారలేదని, గెజిట్ నంబరుతో సహా ఒక నమూనా పత్రం తయారుచేయించి ప్రతి సచివాలయంలో అందుబాటులో ఉంచితే ఈ టెన్షన్ ఒక్క రోజులో తీరిపోతుంది.

జనన ధ్రువపత్రం లేనివాళ్ళకి నమోదు లేదనే పత్రం ఇస్తారు. అదైనా పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, ఊరు స్పష్టంగా ఉండేలా చూడండి. తెలుగులో ఇచ్చే పత్రాల గురించి కంగారు పడక్కర్లేదు. పూర్తి ఇంగ్లిషు అనువాదం జతచేసి, అది సంపూర్ణమనీ సరైనదనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువదించినవారు సంతకం చేస్తే అమెరికా వాళ్ళు తీసుకుంటారు. దానికి నోటరీ కూడా తప్పనిసరి కాదు. ఈ ఒక్క మాట తెలియక వేలకు వేలు పోసినవాళ్ళు మా పట్టణంలోనే ఉన్నారు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తిరస్కరణ వచ్చిన ఇంటి వాసన కొందరికి ఇట్టే తెలుస్తుంది. మాకు ఫోన్లు మొదలయ్యాయి. ‘మీరేమీ చేయక్కర్లేదు మాస్టారూ, హాస్పిటల్ రిపోర్టులు మేం చేయిస్తాం, డయాలసిస్‌లో ఉన్నట్టు రాయిద్దాం’ అన్నాడొకాయన. డయాలసిస్ దాకా రాని మనిషిని డయాలసిస్‌లో పెడతాడట. అబద్ధపు కాగితం పెట్టి దొరికితే అది మోసం కింద వేరే నిషేధం. దానికి మూడేళ్ళూ పదేళ్ళూ అన్న గడువు లేదు, జీవితాంతం వెంటాడుతుంది. ఇక్కడ నిజమైన కాగితం దొరకనప్పుడే ఇలాంటి వాళ్ళ దగ్గరికి జనం వెళ్తారు. మీరు నిజం రాసిస్తే వాళ్ళ దుకాణం దానంతటదే మూతపడుతుంది. ఏపీ ఎన్‌ఆర్‌టీ వారు ఈ విషయంలో పల్లెల దాకా వెళ్ళి హెచ్చరించాలి. గల్ఫ్ మోసాల మీద మన జిల్లాల్లో ఎంత అవగాహన అవసరమో దీని మీదా అంతే అవసరం.

మాలాగే తిరస్కరణ వచ్చి ఇంట్లో కూలబడిన కుటుంబాలు కూడా ఈ లేఖ చదువుతాయని నా ఆశ. మీకు తెలిసి ఉండాల్సినవి ఇక్కడే చెప్పేస్తాను. ఐ-601 తిరస్కరిస్తే 30 రోజుల్లో, తపాలాలో వచ్చిన నిర్ణయమైతే 33 రోజుల్లో అప్పీలుకి వెళ్ళొచ్చు. అధికారి చట్టాన్ని తప్పుగా అన్వయించాడనిపిస్తే అప్పీలు మంచిది. మన ఆధారాలే పలచగా ఉన్నాయనుకుంటే కొత్త దరఖాస్తు మేలని మాకు లాయరు చెప్పారు, నాకూ అదే సబబనిపించింది. కొత్త దరఖాస్తుకి మళ్ళీ ఫీజు కట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి అది 1,050 డాలర్లు. అమెరికాలో ఉండగానే ముందస్తుగా పెట్టుకునే ఐ-601ఏ అయితే అప్పీలు లేదు, వీసా కేసు నడుస్తున్నంతవరకు మళ్ళీ పెట్టుకోవచ్చు. దేశం నుంచి పంపించేయమని ఉత్తర్వు ఉన్నవాళ్ళకి వేరే అనుమతి కూడా కావాలి, దాన్ని దీనితో కలిపేసి అయోమయపడొద్దు. వీసా కేసును ఏడాది పాటు పట్టించుకోకుండా వదిలేస్తే అసలు కేసే రద్దయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి ఉత్తర ప్రత్యుత్తరాలు ఆపొద్దు. పాత దరఖాస్తునే తేదీ మార్చి పంపితే పాత జవాబే వస్తుంది. తిరస్కరణ ఉత్తరాన్ని ముందు పెట్టుకుని, అందులో లేదన్న ప్రతి దానికీ ఒక కొత్త కాగితం వెతకండి. ముందు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ ఎక్కడా పొంతన తప్పకూడదు. కష్టాలన్నింటినీ కలిపి ఒక్కటిగా తూచాలని వాళ్ళ నియమాల్లోనే ఉంది. జబ్బు, పిల్లవాడి సంరక్షణ, అప్పు, ఉద్యోగం విడివిడిగా చిన్నవే అనిపించినా ఏదీ వదలకండి. ముఖ్యంగా, అక్కడున్న భర్తకో భార్యకో వైకల్యం ఉన్నా, పిల్లల్ని చూసుకునే భారం చాలావరకు ఒకరి నుంచి ఇంకొకరి మీద పడినా దానికి ఎక్కువ బరువు ఇవ్వాలని 2016 నుంచి మార్గదర్శకాల్లో ఉంది.

కలెక్టర్ గార్లూ, ఇదంతా మీ పరిధిలోది కాదని నాకు తెలుసు. మీ పరిధిలో ఉన్నది చాలా చిన్నది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో విదేశీ దరఖాస్తులకు ఇచ్చే వైద్య పత్రానికి ఒక నమూనా తయారుచేయించండి. అందులో జబ్బు దశ, పరీక్షల తేదీలు, కావాల్సిన వైద్యం, అది ఇక్కడ ఉందా లేదా, లేకుంటే ఎంత దూరం వెళ్ళాలి, డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోను నంబరు ఉండాలి. ‘నిజాలు రాసినందుకు ఎవరి మీదా చర్య ఉండదు’ అని ఆ సర్క్యులర్లో ఒక వాక్యం వేయండి, మా డాక్టర్లకి అదే పెద్ద ధైర్యం. రెండు కలెక్టరేట్లలోనూ సోమవారం అర్జీలు తీసుకునేచోట ఈ పత్రాలు తెలిసిన ఒక ఉద్యోగిని కూర్చోబెట్టండి. కొత్త ఉద్యోగం అక్కర్లేదు, ఉన్నవాళ్ళలో ఒకరికి వారానికి ఒక పూట ఈ పని అప్పగించినా చాలు.

ఒక విషయం నన్ను లోపల తొలుస్తూనే ఉంది, అది కూడా మీ ముందు పెడతాను. పాతికేళ్ళు పిల్లలకి మన జిల్లా గొప్పదని పాఠం చెప్పినవాణ్ణి. నాగావళి, వంశధార, అరసవల్లి, శాలిహుండం, ఇవన్నీ వాళ్ళ చేత బొమ్మలు గీయించినవాణ్ణి. ఇప్పుడు నా కూతురి కోసం ఈ నేల మీద బతకడం కష్టమని పరాయి దేశానికి రుజువు చూపించాల్సి వస్తోంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోతే, ఈ జన్మకి కోలుకోలేమన్న రైతులు మళ్ళీ మొక్కలు నాటారు. ఈ జనం కష్టానికి వెరవరు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ కిడ్నీలు చెడిన మనిషికి ధైర్యం వైద్యం కాదు. మన ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఇక్కడ ఏది లేదో రాయాలి, ఆ లేనిది తెప్పించుకోవాలి. నాకు రెండింటి మధ్యా ఏ వైరుధ్యమూ కనిపించడం లేదు.

మా దరఖాస్తు ఈ సంవత్సరం లోపలే వెళ్ళాలి. అందుకు మాకు మూడు పత్రాలు కావాలి: మా వియ్యంకుడి డయాలసిస్ రికార్డు, కవిటి, సోంపేట, పలాస ఆస్పత్రుల్లో ప్రస్తుతం ఉన్న కిడ్నీ వైద్యంపై అధికారిక వివరణ, ఓసీఐ కార్డుదారుకి ప్రభుత్వ వైద్య పథకాలు వర్తిస్తాయో లేదో చెప్పే లేఖ. వర్తిస్తాయని రాసిచ్చినా తీసుకుంటాం, అదే ఫైల్లో పెడతాం. మా వివరాలన్నీ రాసిన అర్జీని ఈ లేఖతో పాటు రెండు కలెక్టరేట్లలోనూ ఇస్తున్నాను. జవాబు ఏదైనా సరే, లిఖితపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా